బోరు నీళ్ల బకెట్లో సబ్బు ఎటు పోతోంది?

లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న బోరు నీళ్లను 20 లీటర్ల బకెట్‌లో పట్టి, అందులో అచ్చమైన సబ్బు కరిగిస్తూ పోతే, నిలిచే నురగ పుట్టేలోపే సుమారు 49 గ్రాముల సబ్బు ఖర్చయిపోతుంది. అంత సబ్బూ మురికిని ముట్టకుండానే పోతుంది. ఈ లెక్క ఇంటర్మీడియట్ కెమిస్ట్రీతో కట్టొచ్చు. కాఠిన్యం అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. దాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కన చెబుతారు. దాని అణుభారం 100 కాబట్టి 400 మిల్లీగ్రాములంటే లీటరుకు 4 మిల్లీమోళ్లు, బకెట్‌కు 80. ఒక్కో కాల్షియం అయాను రెండేసి సబ్బు అణువులను పట్టుకుంటుంది, అంటే 160 మిల్లీమోళ్ల సబ్బు కావాలి. సబ్బులో ఉండే సోడియం స్టియరేట్ అణుభారం 306. రెండూ గుణిస్తే 49 గ్రాములు. అదే బకెట్‌లో 100 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నల్లా నీళ్లు పోస్తే నష్టం 12 గ్రాములకు పడిపోతుంది.

సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. దాని అణువుకు నూనెలో కలిసే పొడవైన తోక ఒకటి, నీళ్లలో కలిసే తల ఒకటి ఉంటాయి. తోకలు జిడ్డులోకి దిగి, తలలు నీటివైపు తిరిగి, జిడ్డును చిన్నచిన్న చుక్కలుగా విడగొట్టి ఎత్తుకుపోతాయి. కాల్షియం, మెగ్నీషియం ఉన్న నీళ్లలో ఆ తలకు సోడియం బదులు కాల్షియం అంటుకుంటుంది. కాల్షియం సబ్బు నీళ్లలో కరగదు. తెల్లగా, జిగటగా పైకి తేలుతుంది. బకెట్ అంచు చుట్టూ పట్టే వలయం, మగ్గు లోపల చేతికి తగిలే జారుడు పొర, నాలుగు ఉతుకులకే తెల్ల బనియను మీద కనిపించే బూడిద రంగు, అన్నీ ఇదే పదార్థం. మురికి పోలేదని మళ్లీ సబ్బు రుద్దితే ఆ పొర ఇంకాస్త పెరుగుతుంది.

బట్టలు ఉతకడంలో మొదట తేల్చుకోవాల్సింది ఏ పౌడర్ అన్నది కాదు, ఏ నీళ్లు అన్నది. డిటర్జెంట్ ప్యాకెట్‌లో ఉండే పదార్థాల్లో పెద్ద భాగం కాల్షియాన్ని ఎదుర్కోవడానికే ఉంటుంది. మురికిని నిజంగా ఎత్తే పదార్థం వాటా చౌక పౌడర్లలో పదో వంతు చుట్టుపక్కలే.

నీళ్లలోకి సున్నం ఎలా వస్తుంది

తెలంగాణలో చాలా భాగం, రాయలసీమలో కొంత భాగం గ్రానైటు, నీస్ రాళ్ల మీద ఉన్నాయి. వాన నీళ్లు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్ల గుణం తెచ్చుకుంటాయి. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, ఫెల్డ్‌స్పార్ ఖనిజాల నుంచీ మట్టిలోని సున్నపు గుళ్ల నుంచీ కాల్షియాన్ని కరిగించుకుంటాయి. పల్నాడు, తాండూరు లాంటి చోట్ల కింద ఉన్నది నేరుగా సున్నపురాయే. తీర ప్రాంతంలో కారణం వేరు. అక్కడ సముద్రపు ఉప్పు నీరు భూగర్భంలోకి చొచ్చుకొస్తే, ఉప్పుతోపాటు మెగ్నీషియం కూడా వస్తుంది.

చెరువు నీళ్లు, నది నీళ్లు రాళ్లలో అంతకాలం నానవు కాబట్టి సాధారణంగా తేలికగా ఉంటాయి. హైదరాబాద్‌లో మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇళ్లకూ, బోర్ల మీద ఆధారపడ్డ ఇళ్లకూ తేడా ఇదే. అపార్ట్‌మెంట్లలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. సంపులో మునిసిపల్ నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు కలిసిపోతాయి. అందుకే అదే పౌడర్ ఒక వారం బాగా పనిచేసి, మరో వారం పనికిరానట్టు అనిపిస్తుంది. తేడా ప్యాకెట్‌లో ఉండదు, సంపులో ఉంటుంది.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 మొత్తం కాఠిన్యానికి లీటరుకు 200 మిల్లీగ్రాములను ఆమోదించదగ్గ పరిమితిగా, వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతించదగ్గదిగా పెట్టింది. ఇది తాగడానికి సంబంధించిన లెక్క. సబ్బుకు 200 కూడా ఎక్కువే.

ఇంట్లో టీడీఎస్ మీటర్ ఉన్నవాళ్లు ఆ అంకెనే కాఠిన్యం అనుకుంటారు. ఆ మీటర్ నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి, కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. అందులో కాల్షియం ఎంత, మామూలు ఉప్పు ఎంత అన్నది చెప్పలేదు. సోడియం ఎక్కువగా ఉండి టీడీఎస్ 1200 చూపించే నీళ్లలో సబ్బు ఓ మోస్తరుగా నురగ ఇవ్వొచ్చు. కాల్షియం ఎక్కువగా ఉండి 700 చూపించే నీళ్లలో అసలు ఇవ్వకపోవచ్చు.

సిరంజితో కాఠిన్యం కొలవడం

నీటి పరీక్ష ల్యాబ్‌లో ఈ కొలత చాలా సూటిగా ఉంటుంది. 50 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, అమ్మోనియా బఫర్‌తో పీహెచ్‌ను 10కి తెచ్చి, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ సూచిక వేస్తారు. నీళ్లు వైన్ రంగు ఎరుపులోకి మారతాయి. కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకునే 0.01 మోలార్ ఈడీటీఏ ద్రావణాన్ని బొట్టుబొట్టుగా వదులుతూ, ఎరుపు ఛాయ పూర్తిగా పోయి నీలం రాగానే ఆపేస్తారు. ఖర్చయిన మిల్లీలీటర్లను 20తో గుణిస్తే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కాఠిన్యమో వచ్చేస్తుంది.

ఇంట్లో ఇంత కచ్చితత్వం అక్కర్లేదు, సబ్బుతోనే కొలవొచ్చు. స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ క్లార్క్ 19వ శతాబ్దంలోనే వాడిన పద్ధతి ఇది. ప్యాకెట్ మీద టాయిలెట్ సోప్, గ్రేడ్ 1 అని ఉన్న స్నానపు సబ్బును తురిమి 2 గ్రాములు తూచుకోవాలి. షవర్ జెల్, బేదింగ్ బార్ పనికిరావు, వాటిలో వేరే నురగ పదార్థాలు ఉండొచ్చు. ఆ తురుమును 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి ఆర్‌ఓ నీళ్లలోనో వాన నీళ్లలోనో కరిగించాలి. మూత ఉన్న చిన్న సీసాలో 50 మిల్లీలీటర్ల బోరు నీళ్లు పోసి, మందుల షాపులో దొరికే 5 మిల్లీలీటర్ల సిరంజితో సబ్బు నీళ్లను ఒక్కో మిల్లీలీటరు చొప్పున వేస్తూ, వేసిన ప్రతిసారీ మూత పెట్టి గట్టిగా కుదపాలి. మొదట్లో నురగ లేచినట్టే లేచి విరిగిపోతుంది, నీళ్లు పాలలా మారతాయి. ఒక దశలో సన్నటి నురగ పైన పొరలా నిలబడి మూడు నిమిషాలైనా పోదు. అక్కడ ఆపాలి.

వేసిన ప్రతి మిల్లీలీటరుకూ లీటరుకు 25 నుంచి 30 మిల్లీగ్రాముల కాఠిన్యం అనుకోవచ్చు. ఇదే పరీక్ష ఆర్‌ఓ నీళ్లతో చేసి, దానికి పట్టిన మిల్లీలీటర్లను ముందుగా తీసివేయాలి. 15 మిల్లీలీటర్లు పట్టిందంటే కాఠిన్యం 400 దగ్గర ఉన్నట్టు. 20 దాటితే బోరు నీళ్లలో సగానికి సగం ఆర్‌ఓ నీళ్లు కలిపి మళ్లీ చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయడం మంచిది. తెల్లటి ముద్ద ఎక్కువైతే నురగ ఎక్కడ నిలిచిందో సరిగ్గా తెలియదు. సబ్బు నీళ్లు చల్లబడి గడ్డకట్టినా లెక్క తప్పుతుంది, అప్పుడు సీసాను వేడినీళ్లలో పెట్టి మళ్లీ పలుచన చేసుకోవాలి.

చవుడు, ఉబ్బ, కుంకుడుకాయ

ఇంటింటికీ సబ్బు రాకముందు చాకిరేవుల్లో చవుడు మట్టి వాడేవారు. భూమి మీద తెల్లగా పొంగే ఆ మట్టిలో పనిచేసేది ముఖ్యంగా సోడియం కార్బొనేట్. అది నీళ్లలో కలిస్తే రెండు పనులు జరుగుతాయి. నీళ్లలోని కాల్షియం కార్బొనేట్‌గా మారి కిందికి దిగిపోతుంది. క్షార గుణం పెరిగి, బట్టకు పట్టిన చెమట జిడ్డులోని కొవ్వు ఆమ్లాలు అక్కడికక్కడే సబ్బుగా మారతాయి. చవుడు నీళ్లలో ముంచిన బట్టలను ఉబ్బ వేయడం, అంటే గంటల తరబడి ఆవిరి పట్టించడం, ఈ రెండో పనిని వేగంగా పూర్తి చేస్తుంది. జిడ్డు వేడికి మెత్తబడుతుంది, క్షారం నూలు పోగుల్లోకి దిగుతుంది. తర్వాత బండ మీద కొట్టడం ఆ సబ్బును, దానితోపాటు మురికిని బయటికి తోస్తుంది. రజకులు తరతరాలుగా చేసిన ఈ పనిలో నేటి వాషింగ్ మెషీన్ సైకిల్‌లోని దశలన్నీ ఉన్నాయి: నీటిని మెత్తబరచడం, క్షారం, వేడి, దెబ్బ, జాడింపు.

కుంకుడుకాయ దారి వేరు. దాని తొక్కలోని సపోనిన్ అణువుకు నీటివైపు ఉండే భాగం ప్రధానంగా చక్కెరల గొలుసు. అందుకే బోరు నీళ్లలో అది సబ్బులా ముద్దకట్టదు, నురగ నిలుస్తుంది. రసం కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది కాబట్టి పట్టుకూ ఉన్నికీ తగినది. గింజ తీసేసి, తొక్కను మాత్రమే వేడినీళ్లలో అరగంట నానబెట్టి, పిసికి, పలుచటి బట్టలో వడగట్టాలి. ముక్కలు మిగిలితే లేత రంగు బట్ట మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. కంట్లో పడితే మంట తీవ్రంగా ఉంటుంది. రసం మర్నాటికే పులుస్తుంది కాబట్టి ఏ రోజుకారోజు తీసుకోవాలి.

పౌడర్ ప్యాకెట్ లోపల

కాల్షియంతో సబ్బులా ముద్దకట్టని పదార్థం కోసం వెతుకులాటలోంచే డిటర్జెంట్లు పుట్టాయి. మన దేశానికి హిందుస్థాన్ లీవర్ 1959లో సర్ఫ్ తెచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టాక డిటర్జెంట్ పౌడర్ సామాన్యుల ఇంటికీ చేరింది. చౌక పౌడర్లకు అప్పుడూ ఇప్పుడూ ఆధారం రెండే: సోడా యాష్ (చవుడులో ఉండే సోడియం కార్బొనేటే), యాసిడ్ స్లర్రీ.

యాసిడ్ స్లర్రీ అంటే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం. ముదురు గోధుమరంగులో తేనెలా చిక్కగా ఉంటుంది, చర్మాన్ని కాలుస్తుంది. సోడా యాష్‌తో కలిపితే సోడియం లవణంగా మారుతుంది. మురికిని ఎత్తేది ఆ లవణమే. 100 గ్రాముల స్లర్రీని తటస్థం చేయడానికి సుమారు 17 గ్రాముల సోడా యాష్ చాలు. పౌడర్లో దానికి ఎన్నో రెట్లు సోడా వేస్తారు, ఎందుకంటే మిగిలిన సోడా పని కాల్షియాన్ని దించడం, పీహెచ్ పెంచడం.

చిన్న యూనిట్లలో, స్వయం సహాయక సంఘాల్లో పౌడర్ కలిపేటప్పుడు పని చెడేది సరిగ్గా ఇక్కడే. స్లర్రీని ఒకేసారి కుమ్మరిస్తే వేడి పుట్టి, కార్బన్ డయాక్సైడ్ పొంగి, సోడా మీద జిగురు ఉండలు కడతాయి. ఉండ పైన తటస్థమైనా లోపల పచ్చి ఆమ్లం అలాగే ఉంటుంది. ఆ పౌడర్ వారంలో తడి పట్టి గడ్డకడుతుంది, చేతులు మండిస్తుంది, నూలును బలహీనపరుస్తుంది. సోడాను పలుచగా పరిచి, స్లర్రీని సన్నటి ధారగా కొద్దికొద్దిగా వదులుతూ ఆపకుండా కలపాలి, ఉండలను జల్లెడ పట్టి నలిపి మళ్లీ కలపాలి. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు ఒక గ్రాము పౌడర్‌ను 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి పీహెచ్ కాగితంతో చూడాలి. 9 నుంచి 11 మధ్య ఉండాలి. 9 లోపు వస్తే ఆమ్లం మిగిలినట్టే. రంగు, సువాసన వేయడం ఆ పరీక్ష తర్వాతే. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా స్లర్రీ ముట్టకూడదు.

లీనియర్ అన్న మాట వెనుక ఒక చరిత్ర ఉంది. 1950లలో వాడిన డిటర్జెంట్ల తోక కొమ్మలు కొమ్మలుగా చీలి ఉండేది. దాన్ని బాక్టీరియా తినలేకపోయాయి, యూరప్ నదుల మీద నురగ కొండల్లా పేరుకుంది. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసి, 1964 నుంచి అమల్లోకి తెచ్చింది. పరిశ్రమ నిటారు తోక ఉన్న అణువుకు మారింది. దాన్ని గాలి ఆడే నీళ్లలో బాక్టీరియా విడగొట్టగలవు. ఆక్సిజన్ లేని మురుగు చెరువులో మాత్రం ఆ పని దాదాపు ఆగిపోతుంది. బెంగళూరు బెల్లందూరు చెరువు మీద నురగ పదేపదే రావడానికి, శుద్ధి కాని మురుగు నీళ్లతో వచ్చే డిటర్జెంట్ ఒక ముఖ్య కారణం.

సోడా కాల్షియాన్ని దించే పని చౌకగా చేస్తుంది. మన 20 లీటర్ల బకెట్‌కు లెక్క ప్రకారం 8.5 గ్రాముల సోడా యాష్ చాలు. అదే పనికి జియోలైట్ వాడితే సుమారు 30 గ్రాములు కావాలి. మరి ఖరీదైన పౌడర్లలో జియోలైట్ ఎందుకు? సోడా కాల్షియాన్ని సన్నటి సుద్దలా మారుస్తుంది. ఆ సుద్ద నీళ్లలోనే ఉండిపోదు, బట్ట పోగుల మధ్యా, మెషీన్ హీటర్ మీదా పేరుకుంటుంది. జియోలైట్ తన గింజల లోపలికి కాల్షియాన్ని తీసుకుని, బదులుగా సోడియం వదులుతుంది. ఆ గింజలు మురికి నీళ్లతో చాలావరకు బయటికి పోతాయి. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ వీటన్నిటికంటే బాగా పనిచేస్తుంది, కాల్షియాన్ని కరిగిన రూపంలోనే బంధించి ఉంచుతుంది. కానీ ఫాస్ఫరస్ చెరువుల్లో నాచునూ గుర్రపుడెక్కనూ పెంచుతుంది కాబట్టి చాలా దేశాలు దాన్ని పరిమితం చేశాయి.

మిగతావి చిన్న మోతాదుల్లో ఉంటాయి. ఊడిన మురికి మళ్లీ బట్టకు అంటకుండా కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, లోహ భాగాలు తినకుండా సోడియం సిలికేట్, పరిమాణం పెంచడానికి సోడియం సల్ఫేట్. తెల్లదనం కోసం వేసే ఆప్టికల్ బ్రైటెనర్ మురికిని తీసేది కాదు. ఎండలోని అతినీలలోహిత కాంతిని పీల్చి నీలిరంగు కాంతిగా వదులుతుంది, పసుపు ఛాయ కళ్లకు కనపడకుండా చేస్తుంది. నీలిమందు చేసే పనే ఇంకో దారిలో. బూడిదరంగు కాల్షియం సబ్బు పట్టిన చొక్కా బ్రైటెనర్ వల్ల ఎండలో తెల్లగానే కనిపిస్తుంది, ట్యూబ్‌లైట్ కింద అసలు రంగు తెలుస్తుంది.

ఎంజైములు ఉన్న పౌడర్‌ను మరుగు నీళ్లలో వేయడం డబ్బు వృథా. ప్రొటీన్ మరకలను కోసే ప్రోటియేజ్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది, 60 దాటితే చాలా రకాలు చెడిపోతాయి. దానికి సమయం కావాలి, కనీసం అరగంట నానాలి. రక్తం, పాలు, గుడ్డు మరకలకు మొదట చన్నీళ్లే వాడాలి. వేడినీళ్లు తగిలితే ప్రొటీన్ ఉడికి పోగుకు అతుక్కుపోతుంది.

పసుపు మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రబడడం చూసి బట్ట పాడైందని కంగారు పడనక్కర్లేదు. క్షారంలో కుర్కుమిన్ రంగు మారుతుంది, క్షారం పోయాక మళ్లీ పసుపే వస్తుంది. దాన్ని విరగ్గొట్టేది కాంతి. ఉతికి తడి మీదే నేరుగా ఎండలో ఆరేస్తే రెండు మూడు రోజుల్లో చాలావరకు పోతుంది.

ఉతకడంలో మార్చుకోవలసినవి

నానబెట్టే నీళ్లు తగ్గించడం అన్నిటికంటే పెద్ద లాభం. 20 లీటర్లలో 80 మిల్లీమోళ్ల కాల్షియం ఉంటే, 8 లీటర్లలో 32 మాత్రమే ఉంటుంది. వేసే పౌడర్ అంతే, కానీ దాన్ని తినే కాల్షియం సగానికంటే తక్కువ, పైగా ద్రావణం రెండున్నర రెట్లు చిక్కగా ఉంటుంది. బట్టలు మునిగేంత నీళ్లే పోసి నానబెట్టాలి. ఫ్రంట్ లోడ్ మెషీన్లు తక్కువ పౌడర్‌తో పని కానివ్వడానికి ఒక కారణం ఇదే.

నూలు బట్టలకు సోడా ముందు, పౌడర్ తర్వాత. 400 కాఠిన్యం ఉన్న 8 లీటర్ల నీళ్లకు 5 గ్రాముల సోడా యాష్ కలిపి, పది నిమిషాలు ఆగి, నీళ్లు పాలవిరుగుడులా మారాక పౌడర్ వేయాలి. స్ఫటికాల రూపంలో దొరికే చాకలి సోడా అయితే సగానికిపైగా బరువు నీళ్లే కాబట్టి 13 గ్రాములు కావాలి. తీరిక ఉంటే రాత్రే సోడా కలిపి ఉంచి, పొద్దున పైన తేరిన నీళ్లు మాత్రం తీసుకుంటే సుద్ద బట్టకు అంటదు. వంటసోడా ఈ పనికి రాదు, అది బైకార్బొనేట్, దాని క్షార గుణం చాలదు. కాస్టిక్ సోడా జోలికి అసలు పోకూడదు.

పట్టుచీరలకు ఇవేవీ వర్తించవు. పట్టు పోగు ప్రొటీన్. పీహెచ్ 10 దాటిన డిటర్జెంట్ దాన్ని మెల్లగా తింటుంది, ప్రోటియేజ్ ఉన్న పౌడరైతే మరీ వేగంగా. ధర్మవరమైనా గద్వాలైనా పోచంపల్లైనా, ఇంట్లో ఉతకాలంటే చన్నీళ్లు, కుంకుడు రసం, లేదా తటస్థ పీహెచ్ ఉన్న లిక్విడ్. వెండి పూత జరీకి క్లోరిన్ బ్లీచ్ తగలకూడదు.

జాడించడంలో కూడా లెక్క ఉంది. కిలో పొడి నూలు బట్టలు చేత్తో పిండాక సుమారు 2 లీటర్ల నీళ్లు పట్టుకుని ఉంటాయనుకుందాం. 30 లీటర్లలో ఒకేసారి జాడిస్తే డిటర్జెంట్ పదహారో వంతు మిగులుతుంది. అవే 30 లీటర్లను పదేసి చొప్పున మూడుసార్లు వాడి, ప్రతిసారీ గట్టిగా పిండితే మిగిలేది 216వ వంతు. ఉతికిన బట్ట వేసుకున్నాక నడుం దగ్గర, మెడ దగ్గర దురద వస్తుంటే, పౌడర్ మార్చేముందు జాడించే తీరు మార్చి చూడాలి.

నురగ ఎక్కువ వస్తే బాగా శుభ్రమవుతుందన్న నమ్మకం వల్ల నష్టమే ఎక్కువ. చేత్తో ఉతికే పౌడర్లలో నురగను కావాలనే పెంచుతారు, ఫ్రంట్ లోడ్ పౌడర్లలో సిలికోన్‌తో అణిచేస్తారు. చేతి పౌడర్‌ను ఫ్రంట్ లోడ్‌లో వేస్తే నురగ మెత్తలా అడ్డుపడి బట్టలు ఒకదానికొకటి రాపిడి కావు, నీళ్లు సరిగా బయటికి పోవు, పౌడర్ బట్టల్లోనే మిగిలిపోతుంది.

అట్టలా బిగిసిన తువ్వాళ్లు

తువ్వాలు గరుకుగా, అట్టలా తయారైందంటే దాని పోగుల్లో సుద్ద, కాల్షియం సబ్బు పేరుకున్నట్టు. దీనికి బకెట్ నీళ్లలో కొంచెం వెనిగర్ వేసి జాడించమనే చిట్కా అందరూ చెబుతారు. బోరు నీళ్లలో అది పనిచేయదు, ఎందుకో లెక్క కడితే తెలుస్తుంది. నీళ్ల క్షారత్వం 300 మిల్లీగ్రాములైతే 20 లీటర్లలో ఆమ్లాన్ని తినేసే బైకార్బొనేట్ 120 మిల్లీమోళ్లు ఉంటుంది. 50 మిల్లీలీటర్ల వెనిగర్లో ఉండే ఆమ్లం 42 మిల్లీమోళ్లే. తువ్వాలు దాకా చేరకముందే అది ఖర్చయిపోతుంది.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, దీనికి సరైన మందు. 5 లీటర్ల నీళ్లలో 20 గ్రాములు కరిగించి, తువ్వాళ్లను గంటసేపు నానబెట్టాలి. అందులో 2 గ్రాములు నీళ్లకే పోయినా, మిగిలింది 14 గ్రాముల దాకా సుద్దను కరిగిస్తుంది. కాల్షియం సబ్బు మాత్రం ఆమ్లంలో విడిపోయి కొవ్వు ఆమ్లంగా మారి జిడ్డులా మిగులుతుంది. కాబట్టి ఆ నీళ్లు పారబోసి, జాడించి, మళ్లీ ఒకసారి డిటర్జెంట్‌తో ఉతికితేనే పని పూర్తవుతుంది. ఈ రెండో ఉతుకు మానేసి, చిట్కా పనిచేయలేదనేవాళ్లు చాలామంది.

వాషింగ్ మెషీన్ హీటర్ మీద పొరకూ ఇదే. బట్టలు లేకుండా 100 గ్రాముల నిమ్మ ఉప్పు డ్రమ్ములో వేసి, 40 డిగ్రీల సైకిల్ నడపాలి. 90 డిగ్రీలు పెడితే కాల్షియం సిట్రేట్ కరగని గడ్డగా మారే ప్రమాదం ఉంది.

స్నానపు సబ్బు కొనేటప్పుడు ప్యాకెట్ వెనక టీఎఫ్‌ఎం అంకె చూడాలి. మొత్తం కొవ్వు పదార్థం కనీసం 76 శాతం ఉంటే గ్రేడ్ 1, 70 ఉంటే గ్రేడ్ 2, 60 ఉంటే గ్రేడ్ 3. బేదింగ్ బార్ అని రాసి ఉంటే 40 శాతమున్నా చాలు. కాఠిన్యం ఎక్కువున్న నీళ్లలో మాత్రం గ్రేడ్ 1 సబ్బు కంటే సింథటిక్ నురగ పదార్థం కలిపిన బార్ తేలిగ్గా నురగ ఇవ్వొచ్చు. టీఎఫ్‌ఎం ఎక్కువంటే ఎక్కువకాలం వస్తుంది, తొందరగా నానిపోదు. అంతే తప్ప, బోరు నీళ్లను గెలిచే గుణం ఆ అంకెలో లేదు.

కాఠిన్యం 500 దాటే ఇళ్లలో సాఫ్టెనర్ పెట్టుకోవడం సమంజసం. కాల్షియాన్ని పట్టుకుని సోడియం వదిలే రెసిన్ 25 లీటర్లు ఉన్న సాఫ్టెనర్ 400 కాఠిన్యం దగ్గర సుమారు 3000 లీటర్లను మెత్తబరుస్తుంది, తర్వాత ఉప్పు నీళ్లతో దాన్ని మళ్లీ సిద్ధం చేయాలి. ఆ పని వాయిదా వేస్తే నీళ్లు చడీచప్పుడు లేకుండా మళ్లీ కఠినమవుతాయి. మట్టి ఉన్న రాళ్ల ఉప్పు రెసిన్‌ను మూసేస్తుంది, శుభ్రమైన ఉప్పే వాడాలి. ప్రతి 100 మిల్లీగ్రాముల కాఠిన్యానికి బదులుగా లీటరుకు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. కాబట్టి రక్తపోటు ఉన్నవాళ్లు తాగడానికీ, కుండీల మొక్కలకూ ఆ నీళ్లు వాడకపోవడం మంచిది.

టైల్స్ మీద తెల్ల చారలు, యాసిడ్

బాత్రూంలో గోడల మీద, కుళాయిల మీద పేరుకునే తెల్లటి పొర కూడా కాల్షియమే. దానికి చాలామంది నేరుగా టాయిలెట్ క్లీనర్ పోస్తారు. అందులో పది శాతం చుట్టుపక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉండే రకాలు ఎక్కువ. పింగాణీకి అది పర్వాలేదు. కడప బండ, తాండూరు బండ, బేతంచర్ల బండ మీద మాత్రం అదే ఆమ్లం బండనే కరిగిస్తుంది, ఎందుకంటే అవి సున్నపురాళ్లు. పాలరాయీ అంతే. బుసబుసమని పొంగేది మురికి కాదు, రాయి. మెరుపు పోయిన బండను మళ్లీ పాలిష్ పట్టించడం తప్ప మార్గం లేదు. టైల్స్ మధ్య సిమెంటు, కుళాయిల క్రోమియం పూత కూడా చెడతాయి. కుళాయికి నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఉంచి, తుడిచి కడిగేస్తే చాలు.

ఆమ్లం పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ గానీ, లిక్విడ్ బ్లీచ్ గానీ పోయకూడదు. హైపోక్లోరైట్, ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ చిన్నదిగా ఉండే బాత్రూంలో అది ఊపిరితిత్తులను దెబ్బతీసే స్థాయికి నిమిషాల్లో చేరుతుంది. నిమ్మ ఉప్పు, వెనిగర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. రెండూ వాడాల్సి వస్తే ఒకటి పోసి, రుద్ది, బోలెడు నీళ్లతో పూర్తిగా కడిగేసి, రెండోది మర్నాడు వాడాలి. పొరపాటున కలిసి ఘాటైన వాసన వస్తే, దాన్ని విరిచేద్దామని ఇంకేదో పోయడానికి ఆగకూడదు. వెంటనే బయటికి వచ్చి, తలుపులు తెరిచి, దగ్గు గానీ ఛాతీ బిగుసుకున్నట్టు గానీ ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. క్లోరిన్ పీల్చిన కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరే అవకాశం ఉంది కాబట్టి, మొదట తగ్గినట్టు అనిపించినా ఆ రోజంతా ఒంటరిగా ఉండకూడదు.